బాలింత చెట్లు

జి.మాడుగుల దాటి నాలుగు కొండలెక్కితే సుక్రు తాత ఊరు. ఊరి వెనక ఆకాశమల్లె తోపు. ఆ చెట్ల బెరడు బెండులా మెత్తగా ఉంటుంది. దాంతో తాత బిరడాలు చెక్కేవాడు. ముందు తేనె నింపే ఆనపబుర్రలకు, ప్లాస్టిక్ వచ్చి బుర్రలు పోయాక అరకులో నేను చేసే అనాస వైన్ సీసాలకు.

బెరడు ఒలిచిన చెట్టు వాళ్లకు బాలింత. వేళ్ల దగ్గర చోడి అంబలి పోస్తారు. బెరడు మళ్లీ కమ్మేదాకా, రెండు మూడేళ్లు, గొడ్డలి తాకనివ్వరు. తాత ఏటా కొన్ని చొప్పున వంతులవారీగా ఒలిచేవాడు కాబట్టి తోపంతా ఎప్పుడూ బాలింతే.

విశాఖలో ఎవరో అడిగారు, బెరడు ఒలిస్తే చెట్టు చావదా అని. చావదని నాకు తెలుసు, కళ్లారా చూశాను. అయినా నలుగురిలో మంచిదాన్ననిపించుకోవాలన్న కక్కుర్తి. తిప్పే రేకు మూతలకు మారిపోయాను. సీసా మీద ‘చెట్టును గాయపరచని వైన్’ అని అచ్చు వేయించి చంకలు గుద్దుకున్నాను. ఇక బిరడాలొద్దని సంతకొచ్చిన మనిషితో తాతకు కబురు పంపాను. కొండెక్కి చెప్పడానికి నాకు ఒళ్లు బరువు.

నాలుగేళ్లకు అనాసపళ్ల కోసం ఆ ఊరు వెళ్తే తోపంతా మోడులే. తాత కోడలు దేముడమ్మ చెప్పింది.

“ఒలవడం మానేసినాక బెరడు కమ్మేసినాది మేడమ్. ఇంక బాలింతలు కావు కదా, కొట్టేసి కాఫీ ఏసుకుందారని ఊరోలు అన్నారు. మామ ఊరుకోనేదు. బేగి బేగి అన్ని సెట్లూ ఒక్కడే ఒలిసేసినాడు. సేతులొణుకుతాయి కదా, కత్తి లోపలి పచ్చిపొర కోసుకుని దిగిపోనాది. సుట్టూతా.”

గొడ్డళ్లు ఆగాయి. చెట్లు ఆ వేసవి దాటలేదు.

తాత నన్ను చూడగానే ఏడ్చేశాడు. “నానే సంపేసినానమ్మా. అరవయ్యేళ్లు ఒలిసిన సెయ్యి ఇది.”

“తప్పు నాది తాతా,” అన్నాను. ఆయనకు వినబడిందో లేదో తెలియదు.

లోపలికెళ్లి గోనెసంచి ఈడ్చుకొచ్చాడు. నిండా బిరడాలు. ఒలిచిన బెరడు పారెయ్యడానికి చేతులు రాక, అంతా కూర్చుని చెక్కాడట.

“మీరు మల్లీ అడుగుతారనే ఉంచినాను. ఇయ్యే ఆకరివి. పట్టుకెల్లండి.”

ఇప్పుడు నా సీసాల మూతికి ఇవి పట్టవు. అయినా సంచి తీసుకున్నాను.

“ఎన్ని సీసాలకి సరిపోతాయమ్మా?” అన్నాడు తాత.

“అన్నిటికీ వస్తాయి తాతా,” అన్నాను.