రేకుల కింది గది

నూకన్న చేతులు వెనక్కి కట్టుకొని, డైరీ ఫార్మ్ అనే పేటలోని ఒక ఇంటి హాలులో ఈ గోడనుంచి ఆ గోడకు మూడోసారి నడిచాడు. మూలన, పైకప్పుకు జానెడు కింద తాను బిగించిన తెల్లని సెన్సరులో ఎర్రదీపం, అతడు అడ్డంగా నడిచినప్పుడల్లా వెలిగింది. యాభై రెండేళ్ల మనిషి. బక్కపలుచని ఒళ్లు, నిచ్చెన మోసి మోసి కిందికి దిగిన కుడిభుజం. దొంగ ఎలా నడుస్తాడో అలా నడిచి చూపడం అతని ఉద్యోగంలో భాగం.

ఇంటి యజమాని గణేశ్వరరావు, పదవీ విరమణ చేసిన గుమాస్తా, అది మనిషిని ఎలా పోల్చుకుంటుందని అడిగాడు. అది మనిషిని చూడదనీ, వేడిని చూస్తుందనీ నూకన్న వివరించాడు. లోపల పక్కపక్కనే రెండు కళ్లుంటాయి. చల్లని గోడ ముందునుంచి వెచ్చని ఒళ్లు సాగితే, ఆ వేడి ఒక కంటిని దాటి రెండో కంట పడుతుంది. ఆ తేడాకే గంట మోగుతుంది. కదలకుండా కూర్చున్నవాడు దాని లెక్కలో లేనట్టే.

"ఐతే ఫ్రిజ్ వైపు పెట్టకు నూకన్నా. నా మిఠాయిల గుట్టు మా ఆవిడకి తెలిసిపోద్ది," అన్నాడాయన.

నూకన్న మర్యాదకు నవ్వి, జేబులోని ఫోను తీసి చూసుకున్నాడు. ఉదయం పదకొండు తర్వాత ఒక్కసారీ మోగలేదు.

ఆ ఫోను మోగిందంటే ఆస్టినాబాద్‌లో తల్లి బుల్లమ్మ మంచం దిగిందని అర్థం. శ్రీకాకుళం తీరంనుంచి ఓడలో ఈ దీవికి కొత్తకోడలిగా వచ్చి, భర్త పట్టిన చేపలను తలమీద మోసుకెళ్లి అబర్డీన్ బజారులో అమ్మిన మనిషి. పడవెక్కితే కక్కుకునే కొడుకును పేటంతా వెక్కిరిస్తే, కరెంటు పని నేర్చుకోమని పంపింది ఆమే. పక్షవాతం వచ్చి ఎడమకాలు పోయాక రెండుసార్లు పడింది. మరోసారి పడితే దక్కదని వైద్యుడు హెచ్చరించాడు. నూకన్నకు పెళ్లి కాలేదు; ఇంట్లో మూడో మనిషి లేదు. అందుకే నిరుడు ఆషాఢపు వానల్లో, ఎవరో తీసేయించిన పాత సెన్సరును ఆమె మంచానికి ఎదురుగా బిగించి, ఆమె దిగగానే తన ఫోనూ, ఎదురింటి కాసులమ్మ ఫోనూ మోగేలా కలిపాడు.

"కొత్తకోడలికి కూడా ఇంత కాపలా నేదురా," అని ఈ ఉదయం కూడా ఆమె దెప్పింది. తాను వచ్చేదాకా కాలు కింద పెట్టవద్దని కసిరి వచ్చాడు. ఇన్నాళ్లకు మాట విన్నదని ఇప్పుడు అనుకున్నాడు.

గణేశ్వరరావు పెరటి షెడ్డులోనూ ఒకటి పెట్టమన్నాడు. చైత్రపు ఎండకు దాని రేకులు పెనంలా కాగుతున్నాయి.

"ఇక్కడొద్దు సార్. మిట్టమద్దేనం రేకు కాగితే గోడ వేడీ ఒంటి వేడీ ఒకటైపోతాయి. మనిషి నడిసినా దానికి కనపడడు."

పదేళ్లుగా ప్రతి ఇంట్లో అప్పజెప్పిన మాట. ఈసారి పైకి అన్నాక అది అతనికే వినిపించింది. తన ఇంటి కప్పూ రేకులదే. సెన్సరు బిగించింది వానల్లో. దానికి ఇదే మొదటి వేసవి.

కాసులమ్మకు ఫోను చేసి, అమ్మను ఒకసారి చూడమన్నాడు.

"మోగనేదు కదా భయ్యా. ఫోను నా ఒళ్లోనే ఉంది. తొంగున్నాదేమో," అంటూనే ఆమె లేచింది. చెప్పుల చప్పుడు, తలుపు కిర్రుమనడం వినబడ్డాయి. చాలాసేపటికి, "ఇంటికి రా భయ్యా," అని మాత్రం అంది.

బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా అతడు నిలబడే వచ్చాడు.

అప్పటికే కాసులమ్మ మరో ఇద్దరి సాయంతో బుల్లమ్మను కిందనుంచి లేపి మంచంమీద పడుకోబెట్టి, కళ్లు మూసింది. మిషను ఖరాబై ఉంటుందనీ, అతడేం చేయగలడనీ ఓదార్చింది. తల ఊపితే సరిపోయేది.

"ఖరాబ్ కానేదు దీదీ," అన్నాడు నూకన్న. "నానే ఎట్టకూడని జాగాలో ఎట్టాను."

గదిలో సెగ ఇంకా తగ్గలేదు. నీళ్ల బొక్కెన పక్కన, బుల్లమ్మ ఒళ్లు చల్లబరచుకుందామని తడిపి పిండుకున్న తువ్వాలు నేలమీద పడి ఉంది. తడి ఎప్పుడో ఆరిపోయింది. ఆమె చేతులు వేసిన మెలి మాత్రం ఇంకా విడలేదు.