ఫైరింజన్ అడగడానికి వచ్చిన ఇద్దరు

వాషింగ్టన్‌లో అడగడం ఒక వృత్తి. డీనా మార్కెట్టి ఆ వృత్తిలో తల పండిన మనిషి. ఊళ్ళకూ ఆసుపత్రులకూ ఫెడరల్ ప్రభుత్వం నుంచి నిధులు ఇప్పించడం ఆమె పని. దరఖాస్తులు రాస్తుంది, కాంగ్రెస్ సభ్యుల ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతుంది, తనను నమ్మి వచ్చినవాళ్ళకు నోరు తెరిచి అడగడం నేర్పుతుంది. మొహమాటం పడేవాడికి ఆ ఊళ్ళో మంచినీళ్ళు కూడా పుట్టవు. అంతటి డీనా ఆ ఉదయం హార్లన్ కట్లిప్ దగ్గర చేతులెత్తేసేలా ఉంది.

హార్లన్ వెస్ట్ వర్జీనియా కొండల్లో పైన్ ఫోర్క్ అనే ఊరికి ఫైర్ చీఫ్. జీతం లేని చీఫ్. వాళ్ళ ఫైరింజన్ ముసలిదైపోయింది, వాలు మీద దొర్లిస్తే తప్ప స్టార్టవదు. కొత్తది కొనే తాహతు ఊరికి లేదు. నిధులివ్వమని తమ కాంగ్రెస్ సభ్యుడు ఏటా పంపే జాబితాలోకి ఎక్కితేనే బండి మీద ఆశ. ఆ జాబితాలో ఒక్క చోటే మిగిలింది. సాయంత్రానికి అదీ మూసేస్తారు.

“మళ్ళీ చెప్పండి,” అంది డీనా. “మీకేం కావాలి అని ఆయన ఆఫీసులో అడిగారనుకోండి, ఏమంటారు?”

“దేవుడి దయవల్ల ఏదో నెట్టుకొస్తున్నాం అంటాను.”

“అయ్యో, అలా అనకూడదండీ!”

“అబద్ధమేం కాదు కదమ్మా. రోజూ నెడుతూనే ఉన్నాంగా బండిని.”

ఆ కొండల్లో పుట్టినవాళ్ళతో ఇదే తంటా. కప్పు కూలి నెత్తిన పడుతున్నా ‘మాకేం, బాగానే ఉన్నాం’ అంటారు. తమకోసం చెయ్యి చాచడమంటే వాళ్ళకు తల కొట్టేసినట్టు ఉంటుంది.

వాళ్ళు వెళ్ళేసరికి ఆ సభ్యుడి ఆఫీసు ముందు నడవాలో అప్పటికే ఒకావిడ నిలబడి ఉంది. ఆమెను చూడగానే హార్లన్ మొహం చాటంతైంది.

“ఒలీటా! నువ్వేంటి ఇక్కడ?”

“నువ్వొచ్చిన పనికే.”

ఒలీటా బ్రాగ్ కొండకవతల ఉన్న స్టోనీ రన్‌కు ఫైర్ చీఫ్. ఉన్న ఒక్క చోటుకూ ఇప్పుడు ఇద్దరు. హార్లన్ మాత్రం సంచిలోంచి పంది మాంసం పెట్టిన బన్నులాంటి హామ్ బిస్కెట్ తీసి, సగం తుంచి ఒలీటా చేతిలో పెట్టాడు.

“ఆవిడ మీకు పోటీ అండీ!” డీనా అతని చెవిలో గొణిగింది.

“అయితే ఆకలెయ్యదేంటి?”

అంతలో సభ్యుడి దగ్గర నిధుల వ్యవహారం చూసే వెస్లీ ఉరుకులు పరుగుల మీద బయటికొచ్చాడు. “ఏమనుకోకండి, లోపల గది ఖాళీ లేదు. ఇద్దరితోనూ ఇక్కడే మాట్లాడేస్తాను. చెప్పండి చీఫ్, మీకేం కావాలి?”

హార్లన్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. “మాకేం సార్, పరవాలేదు. మాకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళు బోలెడుమంది.”

“మరి మీకండీ?”

“మేమూ బాగానే ఉన్నాం బాబూ,” అంది ఒలీటా.

వెస్లీ గడియారం చూసుకున్నాడు. డీనాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళ చాకిరీ కళ్ళముందే గంగలో కలుస్తుంటే ఇక ఆగలేక అనేసింది. “సరే హార్లన్, మీకేం అక్కర్లేదు. స్టోనీ రన్‌కి కూడా అక్కర్లేదా?”

“వాళ్ళకా?” హార్లన్ గొంతు లేచింది. “వాళ్ళదీ ఒక బండేనా సార్? బ్రేకులుండవు. ట్యాంకు కారిపోయి, మంట దగ్గరికి చేరేలోగా సగం నీళ్ళు రోడ్డు పాలు. ఈవిడ ప్రాణాలకు తెగించి నడుపుతోంది. వీళ్ళకివ్వకపోతే ఇంకెవరికిస్తారు?”

తన క్లయింటు తన ఎదుటే పక్క ఊరికి లాబీయింగ్ చేస్తుంటే డీనాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“నోర్ముయ్ హార్లన్!” ఒలీటా అడ్డొచ్చింది. “ఇతని మాట వినకు బాబూ. పోయిన చలికాలం మంచు తుఫానులో మా ఊళ్ళోవాళ్ళంతా చర్చిలో తలదాచుకుంటే, ఆ చర్చే అంటుకుంది. ఇతను తన ముసలి బండేసుకుని కొండ దాటి వచ్చాడు. అప్పుడే ఫోనొచ్చింది, ఇతని ఇల్లు తగలబడుతోందని. అందర్నీ బయటికి లాగేదాకా కదల్లేదు. తీరా బయల్దేరదామంటే మా చదును నేల మీద ఆ బండి స్టార్టయితేగా! ఇప్పటికీ కూతురింట్లో గరాజ్‌లో పడుకుంటున్నాడు.”

హార్లన్ నేల చూపులు చూశాడు. ఇన్ని నెలలుగా ఇన్ని కాగితాలు నింపించినా ఆ సంగతి డీనాకు చెప్పలేదు. ఆమె కళ్ళు చెమర్చాయి.

వెస్లీ జేబులోంచి పెన్ను తీశాడు. “రెండు ఊళ్ళూ కలిసి ఒకే దరఖాస్తు పెడితే అది ఒక్క చోటు కిందే లెక్క. ఒకే బండి, ఇద్దరిదీ. కుదురుతుందా?”

“సాయంత్రంలోగా మీ చేతిలో ఉంటుంది,” అంది డీనా ఎవరినీ అడక్కుండానే.

“బండి ఎక్కడ పెడతారు మరి?”

“వాళ్ళ ఊళ్ళో,” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

వెస్లీ పకపకా నవ్వాడు. ఆ గొడవ కింది అంతస్తులోని క్యాంటీన్‌లో మధ్యాహ్నమంతా సాగింది. చివరికి కొండ మీద, రెండు ఊళ్ళకూ మధ్యలో షెడ్డు వేయాలని డీనాయే తీర్పు చెప్పి ఇద్దరిచేతా సంతకాలు పెట్టించింది. దరఖాస్తు జాబితాలోకి ఎక్కిందని చీకటి పడకముందే వెస్లీ ఫోన్ చేశాడు.

“ఇంకా కాంగ్రెస్‌లో ఓటు పడాలి, ఇప్పుడే సంబరాలొద్దు,” అంటూనే డీనా ఇద్దరినీ కావలించుకుంది.

ఒలీటా ఆమె చెయ్యి వదల్లేదు. “అమ్మాయ్, ఇల్లు కాలిపోయినవాళ్ళకి కట్టించే సర్కారు పథకం ఏదన్నా ఉందా? ఇతను అడగడు. నేనడుగుతున్నాను.”

“ఒలీటా, ఊరుకో,” అన్నాడు హార్లన్. టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

“మీరే ఊరుకోండి,” అంటూ డీనా మూసిన లాప్‌టాప్ మళ్ళీ తెరిచింది.