చుట్టం నెత్తిన మట్టిగంప

పంతొమ్మిదేళ్లు వచ్చేదాకా సంతోషమ్మ ఎవరో ఒకరు ఇస్తే పుచ్చుకోవడమే తప్ప, తాను ఒకరికి ఇచ్చిన పాపాన పోలేదు. వికారాబాదు మిషన్ కాంపౌండులో పుట్టింది. తొడిగిన గౌన్లు సముద్రం అవతల నుంచి పెట్టెల్లో వచ్చినవే. చదివిన చదువు వాళ్లు పెట్టిన బడిలోదే. క్రిస్మస్‌కు వచ్చిన బొమ్మకు కూడా, పంపిన ఊరూ పేరూ తెలియని పిల్లకు కృతజ్ఞతలు చెబుతూ పిల్లలంతా వరసగా నిలబడి పాట పాడేవారు. పాడీ పాడీ ఆమెకు ఒళ్లు మండింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తానూ సముద్రం దాటి వెళ్లి ఎవరికో ఏదో చేసి రావాలి. ఆ కోరిక ఆమెలో దేవుడు పెట్టాడో రోషం పెట్టిందో చెప్పలేం. ఇద్దరూ కలిసే పెట్టి ఉంటారని నా అనుమానం.

1959 ఎండాకాలంలో ఆ కోరికకు ఒక దారి కనిపించింది. దేశదేశాల క్రైస్తవ యువజనులు ఐదుగురు సేవాదళంగా ఏర్పడి వికారాబాదులో దిగారు. తాండూరు శివారులో ఒక క్రైస్తవ వాడ ఉంది. అక్కడి పిల్లలకు బడిగది లేదు. వానలు పడేలోపు ఆ గదిని దళం వాళ్లే సొంత చేతులతో కట్టాలి. మరుసటి ఏడు అదే దళం మలయా వెళ్లి, రబ్బరు తోటల్లోని తెలుగు కూలీల మధ్య పనిచేస్తుంది. అందుకు తెలుగు వచ్చిన మనిషి ఒకరు కావాలి.

"ఈ పని అయ్యేదాకా సంతోషమ్మ మాతో ఉంటుంది. పనికొస్తే మలయాకు తీసుకుపోతాం" అంది దళం నాయకురాలు హెలెన్. హెలెన్ ఆస్ట్రేలియా అమ్మాయి, దళంలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. ముఖం నిండా గోధుమరంగు మచ్చలు, కాళ్లకు మగవాళ్ల బూట్లు. ఒక మాటంటే తప్పదు, ఎదుటివాళ్లు తప్పితే ఊరుకోదు.

ప్యాసింజరు బండిలో తాండూరు చేరారు. మర్నాడు పొద్దున్నే హెలెన్ మట్టిగంప పట్టుకుందో లేదో, వాడ గొల్లుమంది.

"అయ్యో, అయ్యో! దొరసాని గంపెత్తిందే! మనం సచ్చినమా ఏంది?" అంటూ పరుగెత్తుకొచ్చింది చంద్రవ్వ. ఆమె ఆ వాడకు పెద్దదిక్కు. ఆమె మాటకు ఎదురు చెప్పినవాడు ఇంకా పుట్టలేదని వాడలో అంటారు. గంప హెలెన్ చేతిలోంచి పోయింది, మజ్జిగ చెంబు వచ్చింది. పార పట్టిన కుర్రాడి చేతిలోంచి పార పోయి తాటాకు విసనకర్ర వచ్చింది. ఎండ ఎక్కేసరికి దళం ఐదుగురూ వేపచెట్టు కింద మంచాల మీద పెళ్లివారిలా వరసగా కూర్చుని ఉన్నారు. గోడ మాత్రం వాడవాళ్ల చేతుల మీదుగా లేస్తోంది. పైపెచ్చు చంద్రవ్వ ఇంట్లో కోడిని కోశారు.

రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. హెలెన్ దొంగతనంగా రాయి ఎత్తబోతే, ఎక్కడి నుంచి చూసేదో, చంద్రవ్వ ప్రత్యక్షమయ్యేది.

"సంతోషమ్మా, నేను సముద్రాలు దాటి వచ్చింది మజ్జిగ తాగడానికి కాదు" అంది హెలెన్ నాలుగో రోజు. "మేం పని చెయ్యడానికి వచ్చామని వీళ్లకు నువ్వు చెప్పలేకపోతే నువ్విక్కడ ఎందుకు? సొంత మనుషులకే చెప్పలేనిదానివి, మలయాలో ఎవరికి చెబుతావు?"

నిజానికి సంతోషమ్మ రోజూ చెబుతూనే ఉంది. వాడవాళ్లు రోజూ తల ఊపుతూనే ఉన్నారు. మంచాలు మాత్రం నీడ ఎటు జరిగితే అటు జరుగుతున్నాయి.

దిక్కుతోచక పాస్టరు మత్తయ్య దగ్గరకు వెళ్లింది. మత్తయ్య మంచివాడు. మంచివాళ్లకు ఉండే తొందరంతా ఆయనకూ ఉంది. "ఫికర్ చెయ్యకు బిడ్డా, ఆదివారం వాక్యంల నేను జెప్త గద" అన్నాడు. చెప్పాడు కూడా. ప్రభువు నడుముకు తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగాడని, పెద్దవాళ్లు వంగి సేవ చేయడమే గొప్పతనమని చెబుతుంటే ముసలివాళ్లు కళ్లొత్తుకున్నారు. హెలెన్ కూడా కళ్లొత్తుకుంది. ఇక దారికొచ్చారనుకుని సంతోషమ్మ ఆ రోజు కడుపునిండా తింది.

సోమవారం తెల్లారేసరికి వాడంతా బిందెలతో మంచాల ముందు బారులు తీరింది, దళం కాళ్లు కడగడానికి!

బూట్లు ఊడదీశారు. చంద్రవ్వ కొబ్బరిపీచు పెట్టి హెలెన్ మడమలు తోమిన తోముడుకు పాపాలన్నీ పోయి ఉండాలి. మత్తయ్యకు ఆనందబాష్పాలు ఆగడం లేదు. "జూసినవా బిడ్డా, వాక్యం ఎట్ల పండిందో!" అన్నాడు సంతోషమ్మతో. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే కాబోలనుకుంది ఆ పిల్ల.

హెలెన్ తడి కాళ్లతో నిలబడి నెమ్మదిగా అంది: "ఈ వారం చూస్తాను. మాకు పని దొరక్కపోతే దళం వికారాబాదు వెళ్లిపోతుంది. మలయాకు నీ బదులు ఇంకొకరిని చూసుకుంటాం."

ఆ మధ్యాహ్నం సంతోషమ్మ తిన్నగా చంద్రవ్వ ఇంటికి పోయింది. చంద్రవ్వ పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు తడుతోంది.

"పెద్దమ్మా, నా నోట్ల మన్ను కొడ్తున్నవ్."

"నేనేం జేసిన బిడ్డా? కోడిని గూడ కోసి పెడ్తి."

"కోడొద్దు పెద్దమ్మా. గంపియ్యి. గంత దూరంకెల్లి పని చెయ్యనీకె వచ్చిండ్రు వాళ్లు."

రొట్టె మీద చంద్రవ్వ చెయ్యి ఆగింది.

"ఇను బిడ్డా. మా అత్త ఎట్టిచాకిరి చేసింది. నేను చేసిన. దొర గడీకి చుట్టాలొస్తె మేమే నీళ్లు తోడినం, మేమే గంపలు మోసినం, వాళ్ల ఎడ్లకు గడ్డేసినం. మరి మా వాడకు చుట్టమని ఎవడొచ్చిండే ఇన్నేండ్లల్ల? మా మంచంల ఎవడు కూసున్నడు? మా చెంబుల నీళ్లు ఎవడు తాగిండు? గిప్పుడు వచ్చిండ్రు. కూసున్నరు, తాగిండ్రు. ఊరోళ్లు గూడ తొంగి తొంగి చూస్తుండ్రు. గట్లాంటి చుట్టం నెత్తిన మన్నుగంప పెడితే, ఇంగ మాకు చుట్టాలెవరే?"

సంతోషమ్మ కళ్లు నిండాయి. పొగ అని చెప్పుకోవచ్చుగానీ పొగ కాదు. పోట్లాడదామని వచ్చిన మనిషిలో తన రోషమే కనిపించింది ఆమెకు. తాను పెట్టెల గౌన్లు తొడిగీ తొడిగీ విసిగిపోయింది. ఈమె ఇంకొకళ్ల చుట్టాలకు చాకిరీ చేసీ చేసీ విసిగిపోయింది. హెలెన్ బాధ కూడా అదే. అందరికీ ఇచ్చే చెయ్యే కావాలి. మరి పుచ్చుకునే చెయ్యి ఎవరిది?

చంద్రవ్వ వేడి రొట్టె మీద పచ్చికారం వేసి చేతిలో పెట్టింది. సంతోషమ్మ తింటూ తింటూ ఆలోచనలో పడింది.

"పెద్దమ్మా, మన ఇండ్లల్ల బయటికెల్లి వచ్చినోళ్లు ఎవ్వరు పని చెయ్యరా?"

"చుట్టం చెయ్యదు. బిడ్డ పుట్టింటికొస్తె చెయ్యదు. అల్లుడు సచ్చినా చెయ్యడు." చంద్రవ్వ నవ్వింది. "బయటికెల్లి వచ్చి చేసేది కోడలొక్కతే గదనే!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చంద్రవ్వకు కొడుకులు లేరు. ముగ్గురూ ఆడపిల్లలే, ముగ్గురూ అత్తవారిళ్లలో ఉన్నారు. తన అత్త చేత పడ్డ తిట్లన్నీ ఆమె కడుపులో వడ్డీతో సహా మూలుగుతున్నాయి, దించుకోవడానికి ఒక కోడలు లేకపోయింది.

"కొడుకు లేంది కోడలెట్లయితదే?" అంది, అప్పటికే కళ్లు మెరుస్తుండగా.

"లేకుంటెనే మంచిది పెద్దమ్మా. అడ్డం వచ్చెటోడు ఉండడు."

"మరి గా మగపోరగాళ్లో?"

"నువ్వే చెప్పు."

"ఇల్లుటం అల్లుళ్లు!" చంద్రవ్వ తొడ చరిచింది. "ఇల్లుటం వచ్చినోనికి మర్యాదేంది? పొద్దున లేస్తె నాగలి పట్టుడే!"

సంతోషమ్మ పరుగున వచ్చి, కోడలి సంగతీ ఇల్లరికం అల్లుళ్ల సంగతీ అంతా హెలెన్‌కు చెప్పింది. వెట్టి సంగతి కూడా దాచలేదు. అంతా విని హెలెన్ అడిగింది:

"కోడలు ఏమేం చెయ్యాలి?"

"అన్నీ."

"చేస్తే ఏమిస్తారు?"

"తిట్లు."

తాండూరు వచ్చాక హెలెన్ నవ్వడం అదే మొదలు.

మర్నాడు గడపలో చంద్రవ్వ ఆఖరిసారి హెలెన్ కాళ్లు కడిగి, కుడికాలు ముందు పెట్టించి లోపలికి తెచ్చుకుంది. మత్తయ్యకు మొదట ఇదంతా ఏమిటో అర్థం కాలేదు. ఆనక తానే సర్దుకుని, "పరదేశంకెల్లి వచ్చి అత్త కోసం చేన్ల పరిగెలేరిన కోడలు మన బైబిల్లనే ఉంది గద, మనకు కొత్తనా ఏంది?" అని ప్రార్థన చేసేశాడు. ఆమెన్ అన్నాక క్షణం ఆలస్యం లేదు.

"ఏం కోడలుపిల్లా, నిలబడి సూస్తవేంది? గంపెత్తు!"

అంతే. ఆ రోజు నుంచి వాడలో పని చూడాలి! గంపలో సగమే మట్టి వేసుకుంటే, "మీ అవ్వ నీకు గిదే నేర్పిందా?" అనేది చంద్రవ్వ. కోపం ముదిరితే కన్నడంలోకి దిగేది. ఆమె పుట్టిల్లు సేడం వైపు. ఇప్పుడేమంది అని హెలెన్ అడిగితే, "బాగా చేస్తున్నావంటోంది" అనేది సంతోషమ్మ. అన్నీ అనువదించుకుంటూ పోతే కాపురాలు నిలబడతాయా? ఇల్లుటం అల్లుళ్లు మోకాలిలోతు బురద తొక్కారు, రాళ్లు మోశారు. వాడలోని మరదళ్లంతా వాళ్లను నానా మాటలూ అన్నారు. వాడ మగవాళ్లు వాళ్ల పక్కనే నిలబడి గోడ పెట్టారు. నెత్తిన గంప కుదురుగా నిలవడానికి పాతచీర పేలికను మెలితిప్పి చుట్టబట్ట ఎలా చేసుకోవాలో ఆడవాళ్లు హెలెన్‌కు నేర్పారు. సాయంత్రం మెడ పట్టేస్తే చంద్రవ్వే ఆముదం పెట్టి రుద్దేది, తిడుతూనే. ఆ తిట్లు పడుతున్నప్పుడు హెలెన్ ముఖంలో ఉన్న వెలుగు మజ్జిగ తాగినప్పుడు ఏనాడూ లేదు.

తొలకరి చినుకుకు ముందే గది లేచింది. కింద తాండూరు బండలు పరిచారు. పిల్లలు వాటి మీద జారుడు ఆడి దెబ్బలు కూడా తగిలించుకున్నారు.

దళం బయల్దేరే రోజు చంద్రవ్వ హెలెన్‌ను పీట మీద కూర్చోబెట్టి, తన చీర ఒకటి ఆమె నడుముకు చుట్టి, కొంగు పరిపించి, అందులో బియ్యం పోయసాగింది.

"ఒడిబియ్యమా!" సంతోషమ్మ తెల్లబోయింది. "పెద్దమ్మా, గది తల్లి గద పోసేది, పుట్టింటికెల్లి పోయే బిడ్డకు. అత్త పోస్తదా?"

"తెల్వదానే నాకు?" అంది చంద్రవ్వ, మరో దోసెడు పోస్తూ. "కోడలు పని అయిపాయె. గిప్పుడిది బిడ్డ. నా నాలుగో బిడ్డ."

సంతోషమ్మ ఆ మాట అనువదించి చెప్పాక హెలెన్ చిన్నపిల్లలా ఏడ్చింది. ఒడిలో బియ్యం ఒలకకుండా ఏడవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది ఆమెకు.

తనకూ ఓ దోసెడు పోస్తుందేమోనని సంతోషమ్మ పక్కనే నిలబడింది. చంద్రవ్వ ఆమెకు బియ్యం పోయలేదు. తన నెత్తి మీది చుట్టబట్ట తీసి చేతిలో పెట్టింది. ఏళ్ల తరబడి చెమటకు తడిసి ఎండి గట్టిపడిన పేలిక.

"నీకు బియ్యం లెవ్వు. నువ్వు అత్తింటికి పోతున్నవ్. గీడ నాకు కోడలిని తెచ్చినవ్, ఆడ నువ్వు కోడలివి. యాదికుంచుకో."

సంతోషమ్మ ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పేసరికి హెలెన్ కళ్లు తుడుచుకుంటూ తలెత్తింది.

"మలయాకు నువ్వే వస్తున్నావని నేనింకా ఎవరికీ చెప్పలేదే! ఆవిడకెలా తెలిసింది?"

మరుసటి ఏడు సంతోషమ్మ ఓడెక్కింది. మలయాలో రబ్బరు చెట్ల మధ్య కూలీల ఇళ్లు, ఇళ్ల పక్కన కట్టవలసిన బడి. మొదటి రోజే ఆమె ఇసుకగంప మీద చెయ్యి వేసింది. వేసిందో లేదో, తాతల నాడు శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇంటి ముసలమ్మ రామమ్మ గబగబా వచ్చి గంప లాగేసుకుంది.

"ఓలమ్మ! మన దేశపు గుంట! సుట్టంగా వొచ్చి గంపెత్తడమేటమ్మా? కూకో, టీనీళ్లు తాగు."

హెలెన్ దూరం నుంచి చూస్తోంది.

సంతోషమ్మ కూర్చుంది. గ్లాసు అందుకుని, తొందరపడకుండా తాగింది. ఇంకాస్త కావాలని అడిగి మరీ పోయించుకుంది. ఆమె తాగుతుంటే చూస్తున్న రామమ్మ ముఖంలో, వేపచెట్టు కింద చంద్రవ్వ ముఖంలో కనిపించిన నిండుదనమే ఉంది. పుచ్చుకోవడంలో కూడా ఇంత ఇవ్వడం ఉందా అనుకుంది ఆ పిల్ల.

గ్లాసు బోర్లించి, సంచిలోంచి చుట్టబట్ట తీసి నెత్తిన పెట్టుకుంది.

"చుట్టరికం అయిపోయింది. ఇయ్యాల్టికెల్లి నేను నీ కోడల్ని. గంప ఇయ్యి, అత్తా."

రామమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. ఆ పేలికనూ చూసింది. మెల్లగా నడుం మీద చేతులు వేసుకుంది.

"కోడలివైతే పొద్దెక్కేదాకా టీ తాగుతా కూకుంటావేటే? లెగు!"