మృగశిర నాటి ముక్క

నకిరేకల్ కుట్టు కేంద్రంలో పన్నెండు మిషన్లుంటే, పదకొండు ఒకచోట, స్వర్ణది మాత్రం దూరంగా కిటికీ పక్కన. ఎంత రుద్ది స్నానం చేసినా ఆమె ఒంట్లోంచి చేపల నీసు వాసన వస్తుంది. అది పుట్టుకతో వచ్చిన జబ్బనీ, మందు లేదనీ, చేపలు తింటే ఇంకా ఎక్కువవుతుందనీ హైదరాబాద్ డాక్టర్ చెప్పాడు. ఆ మాట ఇక్కడ చెబితే "సబ్బు మార్చి చూడు" అన్నారు. ఆమె మార్చని సబ్బు లేదు. ఆరేళ్లుగా చేప ముట్టలేదు.

మృగశిర కార్తె నాడు ప్రతి ఇంట్లో చేపల కూరే. మధ్యాహ్నం టిఫిన్లు విప్పేసరికి షెడ్డంతా నీసు కమ్ముకుంది. కుట్టిన బడి యూనిఫాంలు పక్కకు జరిపి అందరూ కూర్చున్నాక, పెద్దామె మారెమ్మ పిలిచింది.

"ఇయ్యాల అందరిదీ గదే వాసన గదా. జర గిట్లొచ్చి కూసో స్వర్ణా."

ఇన్నేళ్లలో ఆ పిలుపు అదే మొదటిసారి. మారెమ్మ తన కూరలోంచి కొర్రమీను ముక్క తీసి ఆమె టిఫిన్ మూతలో వేసింది. వద్దంటే మళ్లీ కిటికీ దగ్గరికే పోవాలి. స్వర్ణ తిన్నది. రెండో ముక్క అడిగి మరీ తిన్నది.

సాయంత్రానికే ఆమె ఒంటి వాసన రెట్టింపైంది. మర్నాడు వచ్చేసరికి ఆమె మిషన్ వరండాలో ఉంది. మారెమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, కోపమేమీ లేకుండానే అడిగింది.

"నిన్న అందరం తిన్నం. మాకు పొద్దటికల్లా పోయింది. నీకెందుకు పోలేదు బిడ్డా?"