అరువు గొడుగు

అత్తగారు పోతూ పోతూ ఇంట్లో, సామాన్లో సగం వాటా అల్లుడి పేర రాసి వెళ్లారు. పెద్దకూతురు అంతకుముందే పోయింది. ఆమెకు రావలసింది అతనికైనా దక్కాలని పెద్దావిడ ఆరాటం. మిగతా సగం చిన్నకూతురిది. మంచం పట్టిన తల్లికి చివరిదాకా చాకిరీ చేసిందీ, ఇప్పటికీ ఆ ఇంట్లో ఉంటున్నదీ ఆమే. అందుకే తన వాటా వద్దని రాసిచ్చేయాలని అతను నిశ్చయించుకున్నాడు. అప్పుడది మరదలికే చేరుతుందని లాయరమ్మ చెప్పింది.

అతన్ని తొలుస్తున్నది వాటా కాదు. భార్య పోయాక అతను వెళ్లగలిగే గడప అదొక్కటే. అత్తగారి మందులనో, కారుతున్న కుళాయి అనో వంక పెట్టుకుని వెళ్లేవాడు. సంతకం పెట్టేశాక ఇక ఏ వంకన వెళ్తాడు?

"పెద్దావిడ పోయాక ఆ ఇంట్లోంచి ఏమైనా తీసుకున్నారా?" అడిగింది లాయరమ్మ.

"ఒక గొడుగు. మొన్న వాన పడుతుంటే... మా ఆవిడదే, పెళ్లికి ముందుది."

"అయితే ఆ ఇంటి సామానే. వద్దంటే పూర్తిగా వద్దనాలి సార్. ముందు అది తిరిగిచ్చేసి రండి."

"గొడుగు కూడానా?"

"చెంచా అయినా అంతే."

పక్కన కూర్చున్న మరదలు నవ్వాపుకుంది. "ఇల్లే వదిలేసి, గొడుగు దగ్గర పట్టుబడ్డారేంటి బావగారూ."

మర్నాడు గొడుగు తీసుకెళ్లి ఆ ఇంటి తలుపు వెనక కొక్కేనికి తగిలించాడు. దానికొక ఊచ వంగి ఉంటుంది. ఆ వంగిన వైపుకే అతన్ని నెట్టి, తడుస్తుంటే చూసి నవ్వేది భార్య.

అటునుంచి అటే ఇద్దరూ వెళ్లి సంతకాలు చేసొచ్చారు. అతను గుమ్మం దాకా దిగబెట్టాక, లోపలికి రమ్మంది మరదలు. పనుందన్నాడు. పనేమీ లేదు. మెట్లు దిగుతుండగా చినుకులు మొదలయ్యాయి.

"ఆగండి." లోపలికెళ్లి ఆమె గొడుగు తెచ్చింది.

"నేను తీసుకోకూడదు కదమ్మా."

"ఇప్పుడిది నాది. ఇచ్చేయడం లేదు, అరువిస్తున్నాను. ఆదివారం తెచ్చివ్వాలి."

"ఆదివారమూ వాన పడితే?"

"మళ్లీ పట్టుకెళ్లండి."

దారి పొడుగునా వంగిన ఊచ వైపు భుజం తడుస్తూనే ఉంది. గొడుగును మరోవైపు తిప్పి పట్టుకోలేదతను.

ఇంటికొచ్చి ముందుగదిలో తెరిచి ఆరబెట్టాడు. సగం గది అదే ఆక్రమించింది. దాన్ని తప్పుకుంటూ వంటింట్లోకి వెళ్లి, ఒక్కడికి సరిపడా టీ పెట్టుకున్నాడు.