నోరు విప్పని క్లిప్పు

నేను ఒక క్లిప్పును. జడకు పెట్టుకునే రకం కాదు, బట్టలారేసే రకమూ కాదు. టైటానియం లోహం, వేలిగోరంత ఒళ్లు, మొసలికున్నంత పట్టు. కరిచానంటే ఏనుగు లాగినా వదలనని మా ఫ్యాక్టరీలో చెప్పుకునేవారు. ఏనుగును తెచ్చి చూసినవాడు మాత్రం లేడు.

నా కాపురం గరికిన ఎల్లాజీ తలలో, మెడ నుంచి మెదడుకు పాకే రక్తనాళం మీద. ఎల్లాజీ విశాఖ రేవులో చేపల వేలం పాడేవాడు. వంజరం చేపకు పాట ఎత్తుకుంటే కనుచూపు దాటిన పడవలు కూడా వెనక్కి తిరిగేవట. ప్రతి ఆదివారం మంగలి పైడయ్య దగ్గర గడ్డం గీయించుకుని, చివర్లో మెడ అటూ ఇటూ పటుక్కుమనిపించుకునేవాడు. ఆ చప్పుడు లేనిదే క్షవరం అయినట్టు కాదు. మనుషుల సుఖాలు నాకు అంతుపట్టవు.

ఒక ఆదివారం ఆ పటుక్కుతోపాటు మెడ వెనక సలుపు మొదలైంది. మూడోనాడు పాట మధ్యలో తల పట్టుకుని కూలిపోయాడు. ఆసుపత్రిలో డాక్టర్ హైమవతి అతని భార్య పోలమ్మకు విడమరిచి చెప్పింది. జాకెట్టు లైనింగు చిరిగినట్టు నాళం లోపలి పొర చిరిగింది. నెత్తురు పొరల మధ్య దూరి, గోడ ఉబ్బి చిట్లింది. మెడ విరుపు వల్లే కావచ్చు. ఆ ఉబ్బుకు క్లిప్పుతో పట్టి నొక్కేందుకు సన్నటి మొదలంటూ లేదు. మెదడుకు నెత్తురు ఆగకుండా తల చర్మంలోని మరో నాళాన్ని తెచ్చి ఈ చిరిగిన నాళం కొమ్మకు కుట్టి, ఆపైన ఉబ్బుకు రెండు వైపులా క్లిప్పులతో నాళాన్నే మూసెయ్యాలి.

"ప్రాణం కోసం నా శక్తంతా పెడతాను పోలమ్మగారూ. గొంతు నరాలు ఆ పక్కనే ఉన్నాయి. గొంతుకి మాటివ్వలేను."

"మనిషినియ్యండమ్మా. అరుపులు నేను అరుసుకుంతాను."

ఆ కుట్ల దారం చూస్తే సాలీడు సిగ్గుతో వల చుట్టేసుకుంటుంది. అది అయ్యేదాకా ట్రేలో నాకు కాలు నిలవలేదు, కాళ్లు లేకపోయినా. చివరికి కింద నేను, పైన నా తోడబుట్టినవాడు కరిచి పట్టుకున్నాం.

ఎల్లాజీ బతికాడు. గొంతు మాత్రం గుసగుసైపోయింది. నరం నలిగిందే కానీ తెగలేదని, గట్టిగా పలికి చూడమని డాక్టర్ అంది. పలికితే రాదేమోనని అతను పలకలేదు. రేవులో ఇంకెవడో పాడుతుంటే పెదాలు కదుపుతూ కూర్చునేవాడు. అతను తుమ్మితే నాకు దడ, నవ్వితే దడ.

ఐదో నెలలో, పోలమ్మ వద్దంటున్నా, పైడయ్య కుర్చీ ఎక్కాడు. విరుపు సంగతి పైడయ్యకు చెప్పలేదు. వింటే కత్తి పట్టడం మానేస్తాడని భయం. గడ్డం అయింది. పైడయ్య కబుర్లాడుతూ, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ, ఒక చెయ్యి చుబుకం కింద, ఇంకోటి నడినెత్తిన వేశాడు. ఎల్లాజీ గుసగుసగా వద్దన్నాడు. రేడియో మోతలో అది కలిసిపోయింది. వేళ్లు బిగిశాయి.

"మెడ ఒగ్గీరా!"

మెడ వదిలెయ్యమన్న ఎల్లాజీ కేకకు అద్దం గలగలలాడింది. రేవులో ఎవడో అది విని వంజరం పాట పెంచేశాడట.

పైడయ్య చేతులు తల వదిలి గాల్లో ఆగిపోయాయి. "ఏటైనాది ఎల్లాజన్నా?"

ఎల్లాజీ గొంతు తడుముకున్నాడు. చెవి కింద సబ్బు నురగతోనే, అద్దంలోకి చూస్తూ మెల్లగా అన్నాడు.

"వంజరం... ఒకటోసారి."

ఆగాడు. కొంచెం పైకి ఎత్తాడు. "రెండోసారి."

మూడోసారి అనలేదు. అది కూడా అనేస్తే పాట అయిపోయినట్టే కదా. నేనూ పళ్లు బిగించుకుని కూర్చున్నాను.