ఉన్తీస్ కాకా, ముప్పై చింతగింజలు

1991 నాటికి బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో అప్పలకొండని అప్పలకొండా అని పిలిచేవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకడు పింఛను గుమాస్తా, రెండోవాడు పోస్టుమాను. వాళ్ళకైనా కాగితం మీద రాసుంది కాబట్టి తప్పేది కాదు. తక్కిన ఊరంతా ఆయన్ని 'ఉన్తీస్ కాకా' అనేది. ఉన్తీస్ అంటే హిందీలో ఇరవై తొమ్మిది. గోల్ బజార్‌లో నిమ్మకాయలు ముప్పై ఇమ్మంటే, బుట్ట దగ్గర కూర్చున్న మనిషి, "ముప్పయ్యా, ఇరవై తొమ్మిదా కాకా? తమరి లెక్కలో చెప్పండి" అనేవాడు. పక్క కొట్టువాడు పళ్ళన్నీ బయటపెట్టేవాడు. అప్పలకొండ సంచీ మూతి బిగించుకుని, తల దించుకుని వచ్చేసేవాడు.

ముప్పై నాలుగేళ్ళు మోప్కా దారిలో గేట్‌మేన్‌గా చేసి దిగిన మనిషికి ఆ పేరు అంటుకోవడానికి కారణం ఒక ఈతకొలను.

రైల్వే ఇన్‌స్టిట్యూట్ వెనక కొలనులో ప్రతి వేసవికీ ఆడవాళ్ళ పెద్ద ఈత పోటీ ఉంటుంది. ఈ చివరి నుంచి ఆ చివరికి పోయి, మళ్ళీ ఈ చివరికి వస్తే ఒక రౌండు. అలాంటివి ముప్పై. ముఖం నీళ్ళలో పెట్టుకుని ఈదేవాళ్ళకి పది రౌండ్లు దాటాక తమ పేరేమిటో కూడా సందేహంగానే ఉంటుంది. ఇక లెక్కేం గుర్తుంటుంది? అందుకని ఎవరి లెక్కమనిషిని వాళ్ళే తెచ్చుకోవాలి. గట్టు మీద నల్లబల్ల పెట్టి ఆఫీసువాళ్ళు కూడా గీతలు గీస్తారు. తేడా వస్తే గెలుపు గీతలదే.

అప్పలకొండ అక్క అచ్చియమ్మ కూతురు నీలవేణి. రైల్వే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఉద్యోగం. ఆ పిల్లకి ఈత నేర్పింది తనేనని, అదీ అర్పా నదిలోనని అప్పలకొండ చెప్పుకునేవాడు. ఏడాదిలో పది నెలలు అందులో ఇసకే పారుతుంది గనక, ఆ పిల్ల చేతులకి అంత బలం ఇసకని ఈదడం వల్లే వచ్చిందని కూడా చెప్పేవాడు.

పోయిన వేసవిలో లెక్కమనిషి ఆయనే. పద్దెనిమిదో రౌండు దాకా వేలు మడవడంలో కూడా పొరపాటు లేదు. అప్పుడు కొలను ప్రహరీ అవతలి లైను మీద కోర్బా బొగ్గు బండి వచ్చింది. గేట్‌మేన్ అన్నవాడు బండి వస్తే లేచి నిలబడాలి, బండికి ఎదురుగా తిరగాలి, ఏ పెట్టెకైనా ఏదైనా వేలాడుతోందా, ఎక్కడైనా పొగ వస్తోందా చూడాలి, ఆఖరి పెట్టె వెనక, ఇదే చివరిదని చెప్పే బోర్డు ఉందో లేదో చూసి గార్డుకి చెయ్యెత్తాలి. అప్పలకొండ ఉద్యోగం దిగి రెండేళ్ళయిన సంగతి అప్పలకొండకి తెలుసు గాని ఆయన కాళ్ళకి తెలియదు. లేచాడు, తిరిగాడు, యాభై ఎనిమిది పెట్టెలూ చూశాడు, చెయ్యెత్తాడు. గార్డు కూడా పాపం పచ్చజెండా ఊపాడు. తిరిగి నీళ్ళ వంక చూసేసరికి ఎన్ని రౌండ్లు పోయాయో తెలియలేదు. అంత పొడుగు బండి పోయింది గనక రెండయి ఉంటాయని రెండు కలిపేశాడు. అయింది ఒకటే.

ఇరవై తొమ్మిదో రౌండుకే "అయిపోయిందే అమ్మీ, రా" అని కేకేశాడు. నీలవేణి గట్టెక్కి రెండు చేతులూ పైకెత్తింది. నల్లబల్ల దగ్గర ఒక గీత తక్కువ. నీళ్ళలోంచి బయటికొచ్చిన మనిషి మళ్ళీ దిగకూడదని రూలు. కప్పు ట్రాఫిక్ ఆఫీసు రజినికి వెళ్ళింది. ఉన్తీస్ పేరు అప్పలకొండకి వచ్చింది.

ఈ ఏడు పోటీకి వారం ముందు నీలవేణి సైకిలు క్వార్టరు ముందు ఆగింది.

"మావా, లెక్క నువ్వే సూడాల."

అప్పలకొండ తింటున్న జంతిక చేతిలోనే ఉండిపోయింది. "నానా? నీకు బుర్ర గాని పోయిందేటే? నాను రాను. మళ్ళీ తప్పితే ఈ కాలనీలో ఎవుల మొకం సూడను? ఇంకెవులినైనా అడుగు."

"అరే, సునో మావా. నీ లెక్క తప్పలేదు. బండి అడ్డొచ్చింది, అంతే. నాకు తెలిసినోడివి నువ్వు. నువ్వు నేకపోతే నాను నీళ్ళలో దిగను."

చేటలో బియ్యం ఏరుకుంటున్న ఆయన భార్య అసిరమ్మ తల ఎత్తకుండానే అంది. "ఈ మడిసినా? బండి కూతేస్తే కంచం కాడ్నించి లెగిసిపోతాడు. మా పెళ్ళినాడు ఇడిదింటి పక్కనుంచే బండెళ్ళింది. రెండు ముళ్ళేసి లెగిసిపోనాడు. మూడో ముడి ఆడపడుచేసింది."

"ఆ ఆడపడుచు మా యమ్మే కదత్తా."

"మరి. ఆయమ్మ నేకపోతే నాకీపాటికి రెండు ముళ్ళ కాపరమే."

ఆ వారమంతా, లైను పక్కనే ఉన్న ఆ ఇంట్లో సాధన జరిగింది. మొదటిరోజు చెవుల్లో దూది పెట్టారు. రైలు కూత వినిపించలేదు గాని నేల అదిరింది, ఆయన లేచాడు. రెండోరోజు అసిరమ్మ తువ్వాలుతో ఆయన నడుముని నవారు మంచానికి కట్టేసింది. హౌరా మెయిలు వచ్చింది. అప్పలకొండ మంచంతో సహా లేచి, మంచంతో సహా తిరిగి, మంచం వీపున మోస్తూ గార్డుకి చెయ్యెత్తాడు. ఆ గార్డు రాయగఢ్ చేరేదాకా నవ్వుతూనే ఉన్నాడని తరవాత తెలిసింది.

మంచం దించుకుని కూర్చున్నాక అప్పలకొండకి ఆలోచన తట్టింది.

"అసిరీ, లెగకుండా ఉండడం నా వల్ల కాదు. ముందే నిలబడి ఉన్నాననుకో, మరి లెగాల్సిన పనేటుంది?"

"మొకం తిప్పీసుకుంటావు కదా."

"తిప్పుకుంటాను. కళ్ళతో సూస్తే కదా తప్పీది. నాను కాలితో లెక్కెడతాను."

ఏర్పాటు ఇదీ. కొలనులోకి దిగే నిచ్చెన ఉన్న వరస నీలవేణి అడిగి తీసుకుంటుంది. అప్పలకొండ నిచ్చెన కింది మెట్టు మీద, కాలు మోకాలి దాకా నీళ్ళలో ఉంచి, మొదటి నుంచీ నిలబడే ఉంటాడు. నీలవేణి వచ్చిన ప్రతిసారీ గోడ తాకి, మావ పిక్క మీద ఒక్క చరుపు చరిచి తిరగాలి. లాల్చీ ఎడమ జేబులో ముప్పై చింతగింజలు. చరుపుకో గింజ కుడి జేబులోకి. ఎడమ జేబు ఖాళీ అయితే, ఆ పిల్ల చెయ్యి పట్టుకోవాలి. గింజలు అసిరమ్మ లెక్కపెట్టి ఇచ్చింది. "ఏపలేదు. పచ్చియే. ఏపితే నమిలీస్తావు."

పోటీనాడు కాలనీ అంతా కొలను చుట్టూ చేరింది. అప్పలకొండ నిచ్చెన దిగుతుంటే ఎవరో వెనకనుంచి, "కాకా, ఈసారి ఇరవై ఎనిమిదికి తేల్చేయండి, ఎండగా ఉంది" అన్నారు. ఆయన వినపడనట్టు పంచె ఎగ్గట్టుకున్నాడు. నల్లబల్ల దగ్గర రమణమూర్తి ఉన్నాడు. ఆయన పెట్టెల చక్రాల్ని సుత్తితో కొట్టి, చప్పుడు విని జబ్బు చెప్పే ఎగ్జామినరు. చాలా పద్ధతి గల మనిషి. నలుగురు ఈతగత్తెలకి నాలుగు వరసలు గీసి, ప్రతి ఐదో గీత కింద గడియారం చూసి టైము కూడా వేస్తాడు.

ఈల మోగింది. మొదటి చరుపు, మొదటి గింజ. నీలవేణి నిమిషానికో రౌండు చొప్పున, గడియారం ముల్లు మింగినట్టు ఈదుతోంది. పది గింజలు జేబు మారేసరికి రెండో మనిషి రజిని అరరౌండు వెనకబడింది. మిగతా ఇద్దరూ రజిని వెనకే ఉన్నారు.

అప్పుడు కూత వినిపించింది.

అప్పలకొండ మెడ దానంతట అదే తిరిగింది. బొగ్గు బండి, నెమ్మదిగా. ఒకటి, రెండు, మూడు పెట్టెలు. కాలు నీళ్ళలోనే ఉంది. పదిహేడో పెట్టె తలుపు ఊడి వేలాడుతూ, కంకర మీద నిప్పులు రాలుస్తోంది. "తలుపు, తలుపు" అని గట్టు మీద ఉన్న రైల్వేవాళ్ళందరూ లేచారు. రమణమూర్తి సుద్దముక్క చేత్తోనే ప్రహరీ దగ్గరికి పరుగెత్తి, వెనక గార్డుకి కనిపించేలా తన ఎర్రరంగు జేబురుమాలు ఊపాడు. సరిగ్గా అప్పుడు అప్పలకొండ పిక్క మీద చరుపు పడింది. కళ్ళు పదిహేడో పెట్టె మీదే ఉన్నాయి. వేళ్ళు పదకొండో గింజని కుడి జేబులో వేశాయి. మిగతా ముగ్గురూ ఆ సమయానికి అవతలి గోడ దగ్గరున్నారు.

బండి ఆగింది. తలుపు సంగతి గార్డు చూసుకున్నాడు. రమణమూర్తి చెమట తుడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు. వచ్చాక ముగ్గురికీ గీతలు పడ్డాయి. నీలవేణి వరసలో పదే ఉన్నాయి.

"మూర్తిబాబూ, మా గుంటకి ఒక గీత తక్కువైనాది. మీరు ప్రహరీ కాడున్నప్పుడు తిరిగీసింది."

గట్టంతా గొల్లుమంది. "ఉన్తీస్ కాకా లెక్క చెబుతున్నాడు, రాసుకోండి సాబ్" అన్నాడొకడు. రమణమూర్తి కళ్ళద్దాలు సర్దుకుని, "కాకా, మీరు అప్పుడు బండి వంకే తిరిగున్నారు. నేను చూశాను. మీరు చూడని రౌండు నేనెలా వేస్తాను?" అన్నాడు. న్యాయమైన మాటే. పిక్కతో చూశానంటే ఎవరు నమ్ముతారు?

అప్పలకొండ మళ్ళీ నీళ్ళవైపు తిరిగాడు. ఇంకా పందొమ్మిది గింజలున్నాయి.

ఆ పందొమ్మిది నిమిషాలూ ఆయనకి పందొమ్మిది గంటలు. బల్ల మీద చూస్తే నీలవేణికి ఒక రౌండు తక్కువ. జేబులో చూస్తే అందరికన్నా ముందు. ఇరవై అయిదో గింజ వేశాక తనమీద తనకే అనుమానం వచ్చింది. పోయినేడు కూడా ఇంత నమ్మకంగానే అరిచాడు కదా. ఎడమ జేబులో చెయ్యి పెట్టి తడిమాడు. అయిదు. కుడి జేబు బరువుగా ఉంది. గింజలకి బళ్ళంటే ఏమిటో తెలియదు. అవి ఎటూ తిరగలేదు.

ఇప్పుడు చెయ్యి పట్టుకుంటే? బల్ల మీద ఇరవై తొమ్మిదే ఉంటాయి. పిల్ల గట్టెక్కితే కప్పు పోతుంది, ఉన్తీస్ పేరు చితి దాకా వస్తుంది. పట్టుకోకుండా ఊరుకుంటే పిల్ల మరో రౌండు ఈదుతుంది. కప్పు వస్తుందేమో గాని, తన లెక్క నిజమని తనకే ధైర్యం లేనట్టవుతుంది.

ముప్పయ్యో చరుపు పడింది. ఎడమ జేబు ఖాళీ.

ఆయన వంగి నీలవేణి చెయ్యి పట్టుకున్నాడు. ఆ పిల్ల తల పైకెత్తింది. గట్టు మీద నవ్వులు మొదలయ్యాయి.

"అమ్మీ, ముప్పై అయిపోనాయి. నా లెక్క ఖాయం. బల్ల మీద ఇరవై తొమ్మిదే ఉన్నాయి. గట్టెక్కకు. ఏటి సేస్తావో నువ్వే సూసుకో."

నీలవేణి రొప్పుతూ ఆయన ముఖంలోకి చూసింది. పోయినేడు ఈ మాట చెప్పిన ముఖమే. ఒక్క క్షణం. తరవాత నవ్వింది.

"ముప్పయ్యంటే ముప్పయ్యే మావా. పోయినేడు ఒగ్గేసిన రౌండొకటుంది కదా. అది ఇప్పుడీదీసి వస్తాను."

చెయ్యి విడిపించుకుని, గోడని తన్ని వెళ్ళింది. ముప్పై రౌండ్లు ఈదిన మనిషి అలా వెళ్ళడం ఆ కొలను ఎప్పుడూ చూసి ఉండదు. నీళ్ళు గట్టెక్కి ముందువరస కుర్చీలు తడిసిపోయాయి. పోలీసు వచ్చినా కదలని పెద్దమనుషులు కాళ్ళు పైకి పెట్టుకున్నారు. అవతలి గోడ తాకి తిరిగి వచ్చేసరికి, రజినికి ఇంకా అరరౌండు మిగిలే ఉంది. పిక్క మీద చరుపు ఈసారి ఎంత గట్టిగా పడిందంటే, అయిదు వేళ్ళ అచ్చు దీపావళి దాకా ఉంది.

అప్పలకొండ దగ్గర వెయ్యడానికి గింజ లేదు. లాల్చీ గుండీ ఒకటి తెంపి కుడి జేబులో వేసుకున్నాడు.

చప్పట్ల మధ్య రమణమూర్తి బల్ల మీద టైములు కూడుతూ ఆగిపోయాడు. నీలవేణి వరసలో ప్రతి ఐదు గీతలకీ అయిదేసి నిమిషాలు. పది నుంచి పదిహేనుకి మాత్రం ఆరు. ఆయన పైనించి కిందికి, కిందినించి పైకి చూశాడు. ఆ ఒక్క ఐదులోనే పిల్ల నెమ్మదించిందా, లేక అక్కడున్నవి ఆరు రౌండ్లా? చక్రం చప్పుడు విని పగులు పట్టేవాడికి అది చెప్పక్కర్లేదు. మైకు తీసుకున్నాడు.

"తప్పు నాది. నేను బండి చూస్తుండగా నీలవేణి ఒక రౌండు పూర్తి చేసింది. ఈ పోటీలో ఆమె ముప్పై ఒక్క రౌండ్లు ఈది గెలిచింది. కాకా లెక్క ఒప్పు."

సుద్దముక్క తెచ్చి అప్పలకొండ చేతిలో పెట్టాడు. ఆయన తడికాలితో బల్ల దాకా నడిచి, పెళ్ళికూతురి నుదుట బొట్టు పెట్టినంత జాగ్రత్తగా ముప్పై ఒకటో గీత గీశాడు. రజిని కూడా తల తుడుచుకుంటూ వచ్చి, "కాకా, వచ్చే ఏడు నాకు లెక్క చూడండి" అంది.

"దానికి నా ఇంకో పిక్క ఉన్నాది గదమ్మా" అన్నాడాయన.

వానలు మొదలయ్యేసరికి కాలనీ కబుర్లలో నీలవేణి నలభై రౌండ్లు ఈదింది. దసరాకి బొగ్గు బండితో పందెం వేసి మోప్కా దాకా ఈదింది. మధ్యలో నేల వచ్చిందని ఎవరూ అడగలేదు.

పోటీ మర్నాడు అప్పలకొండ గోల్ బజార్‌కి వెళ్ళాడు. "ఆయియే, ఇకతీస్ కాకా" అన్నాడు నిమ్మకాయల మనిషి. ఇకతీస్ అంటే ముప్పై ఒకటి. ముప్పై అడిగితే, ఒక్కొక్కటే పైకి ఎంచి ముప్పై ఒకటి సంచీలో వేశాడు. ఆయన తల ఎత్తుకుని, పెద్దబజారు చుట్టూ తిరిగి మరీ ఇంటికొచ్చాడు.

ముప్పై ఒకటి ఇచ్చాడని ఆయన చెబితే, అసిరమ్మ సంచీ బోర్లించి లెక్కపెట్టింది. ముప్పయ్యే ఉన్నాయి.

"దార్లో బండేదైనా ఎళ్ళిందేటి?"

"ముప్పై ఒకటోది మూర్తిబాబుకిచ్చినానే. పాపం, నిన్న ఎండలో శానా తిరిగినాడు" అన్నాడు అప్పలకొండ, గుండీ లేని లాల్చీ విప్పి, కుట్టమని ఆమె ఒళ్ళో వేస్తూ.